నానోతీగల కాంతివాహకతను చుట్టూ ఉన్న వాయువు ఎంత మారుస్తుందో కొలవడం ఎలా?

జింక్ ఆక్సైడ్, టిన్ ఆక్సైడ్ నానోతీగలతో పనిచేసే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "అదే తీగ, అదే దీపం, అదే వోల్టేజీ. నిన్న వచ్చిన ఫోటోకరెంట్ ఇవాళ రావడం లేదు. దీపం ఆపినా కరెంట్ దిగడం లేదు. పరికరం పాడైందా?" చాలా సందర్భాల్లో పరికరానికి ఏమీ కాదు. గదిలో తేమ మారి ఉంటుంది, నైట్రోజన్ గొట్టంలోకి కాస్త గాలి చేరి ఉంటుంది, లేదా నిన్నటి వెలుగు ప్రభావం తీగలో ఇంకా మిగిలి ఉంటుంది. ఈ తీగల్లో కాంతివాహకత, అంటే వెలుగు పడినప్పుడు కరెంట్ పెరిగే గుణం, ఎంత తీగదో అంత చుట్టూ ఉన్న వాయువుది కూడా. వాయువును అదుపులో పెట్టకుండా రాసుకున్న సంఖ్యతో మరొకరి సంఖ్యను పోల్చలేం. అందుకే ఈ కొలతను మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో, ఎక్కడ మోసపోతామో రాస్తున్నాను. జింక్ ఆక్సైడ్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. మిగతా ఎన్-రకం (ఎలక్ట్రాన్లు కరెంట్ మోసే) ఆక్సైడ్లకూ పద్ధతి ఇదే.

సిద్ధాంతం, పనికి కావలసినంత

గాలిలోని ఆక్సిజన్ అణువు తీగ ఉపరితలానికి అంటుకుని లోపలి ఎలక్ట్రాన్ ఒకదాన్ని పట్టుకుంటుంది. అలా ఉపరితలం కింద ఎలక్ట్రాన్లు లేని పొర ఏర్పడుతుంది. ఘన సెంటీమీటరుకు 10¹⁷ ఎలక్ట్రాన్లు ఉన్న జింక్ ఆక్సైడ్‌లో, ఉపరితల అవరోధం అర వోల్టు అనుకుంటే, ఈ పొర మందం దాదాపు 70 నానోమీటర్లు వస్తుంది. అంటే 100 నానోమీటర్ల వ్యాసం ఉన్న తీగ గాలిలో ఉన్నప్పుడు దాదాపు పూర్తిగా ఖాళీ అయిపోతుంది. చీకట్లో దాని కరెంట్ అంత తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

అతినీలలోహిత కాంతి పడితే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ, ధనావేశంలా నడుస్తుంది) జంటలు పుడతాయి. హోల్ ఉపరితలానికి లాగబడి, అక్కడ అంటుకున్న ఆక్సిజన్ అయాన్‌ను తటస్థపరుస్తుంది. ఆక్సిజన్ వాయువుగా వెళ్లిపోతుంది. జత పోగొట్టుకున్న ఎలక్ట్రాన్ తీగలోనే మిగిలి, కరెంట్‌ను మోస్తూ ఉంటుంది. దీపం ఆపాక ఆ ఎలక్ట్రాన్లు తగ్గాలంటే ఆక్సిజన్ మళ్లీ వచ్చి అంటుకోవాలి. చుట్టూ ఆక్సిజన్ ఉంటే ఆ పని త్వరగా జరుగుతుంది. శూన్యంలో గంటలు పడుతుంది. ఇంతకు మించి సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

కావలసినవి

- ఎలక్ట్రోడ్ల మీద అమర్చిన నానోతీగ, దాంతోపాటు తీగ లేని ఖాళీ ఎలక్ట్రోడ్ల జత ఒకటి. ఈ రెండోది తప్పనిసరి.
- పికోఆంపియర్ల స్థాయి దాకా చదవగల ఎలక్ట్రోమీటర్ లేదా సోర్స్ మీటర్, కవచం ఉన్న కేబుళ్లు.
- గాలి చొరబడని చిన్న లోహపు ఛాంబర్. చిన్నదైతే వాయువు త్వరగా మారుతుంది. పైన క్వార్ట్జ్ కిటికీ ఉండాలి.
- 365 నానోమీటర్ల ఎల్ఈడీ, దాని వేడిని లాగే హీట్ సింక్, కాంతిని అడ్డుకునే షట్టర్.
- కాంతి తీవ్రతను కొలిచే, ఈ తరంగదైర్ఘ్యానికి క్రమాంకనం చేసిన ఫోటోడయోడ్.
- పొడి గాలి లేదా ఆక్సిజన్, అధిక శుద్ధత నైట్రోజన్ లేదా ఆర్గాన్.
- వీలైతే రెండు మాస్ ఫ్లో కంట్రోలర్లు. లేకపోతే సూది కవాటం ఉన్న ఫ్లో మీటర్లు.
- తీగకు వీలైనంత దగ్గరగా ఒక ఉష్ణోగ్రత సెన్సర్. ఛాంబర్ లోపలో, బయటికి వెళ్లే గొట్టంలోనో ఒక తేమ సెన్సర్.
- స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు.

చివరిదాని గురించి ఒక మాట. సిలికోన్ రబ్బరు గొట్టం మెత్తగా, వాడటానికి సులువుగా ఉంటుంది. కానీ దాని గోడలోంచి ఆక్సిజనూ తేమా నిరంతరం లోపలికి వస్తూనే ఉంటాయి. సిలిండరు ఎంత శుద్ధమైనదైనా మీటరు పొడవు సిలికోన్ గొట్టం దాన్ని పాడు చేస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నవారు ముందు గొట్టాల మీద పెట్టండి.

ముందు జాగ్రత్తలు

365 నానోమీటర్ల కాంతి కంటికి సరిగా కనిపించదు, కానీ కంటికి హాని చేస్తుంది. తగిన కళ్లద్దాలు లేకుండా ఎల్ఈడీ వెలిగించవద్దు. సిలిండర్లను గోడకు గొలుసుతో బిగించండి. నైట్రోజన్, ఆర్గాన్ విషం కాకపోయినా మూసి ఉన్న గదిలో ఆక్సిజన్‌ను తరిమేసి ఊపిరాడకుండా చేస్తాయి. ఛాంబర్ నుంచి బయటికి వచ్చే వాయువును ఫ్యూమ్ హుడ్‌లోకి మళ్లించండి. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాడాలనుకుంటే బాగా పలుచన చేసిన సిలిండర్లే తీసుకోండి. డిటెక్టరు పక్కన లేకుండా వాటి కవాటం తెరవవద్దు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం దాటితే మండుతుంది. పలుచన చేసిన మిశ్రమమే వాడండి. పొడి నానోతీగలను ఊదడం, దులపడం చేయవద్దు.

దశ 1: దీపాన్ని ఎంచుకోవడం

జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) దాదాపు 3.3 నుంచి 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని ఆ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది: 365 నుంచి 375 మధ్య. గది ఉష్ణోగ్రత దగ్గర శోషణ అంచు కాస్త మసకగా, ఇంకొంచెం పొడవైన తరంగదైర్ఘ్యం వైపు సాగి ఉంటుంది కాబట్టి 365 ఎల్ఈడీ సరిపోతుంది. టిన్ ఆక్సైడ్ గ్యాప్ దాదాపు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి 340 లేదా అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం కావాలి. 365తో కొలిచి "మా టిన్ ఆక్సైడ్ స్పందించడం లేదు" అనేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

పాత పాదరసపు దీపాలు వాడవద్దు. వాటిలో 254 నానోమీటర్ల రేఖతోపాటు, గాజు రకాన్ని బట్టి, 185 నానోమీటర్ల రేఖ కూడా ఉంటుంది. ఈ 185 కాంతి గాలిలోని ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మారుస్తుంది. ఓజోన్ ఆక్సిజన్ కన్నా ఎన్నో రెట్లు బలమైన ఆక్సీకరణి. మీరు ఆక్సిజన్ ప్రభావం కొలుస్తున్నామని అనుకుంటారు, తెరమీద కనిపించేది ఓజోన్ ప్రభావం.

దశ 2: తీగను ఎలక్ట్రోడ్ల మీద అమర్చడం

పెరిగిన తీగలను ఐసోప్రొపనాల్‌లో వేసి అల్ట్రాసోనిక్ బాత్‌లో కొద్దిసేపు ఉంచండి. ఎక్కువసేపు ఉంచితే విరిగి పొట్టివవుతాయి. ఆ ద్రవం ఒక చుక్కను ఎలక్ట్రోడ్ల మీద వేసి ఆరనివ్వండి. లోహం తీగ పైనుంచి పడాలనుకుంటే ముందు చుక్క వేసి, తర్వాత లిథోగ్రఫీతో (పాలిమర్ ముసుగుతో కావలసిన చోటే లోహం వేసే పద్ధతి) టైటానియం, దానిపై బంగారం పూయండి. ఎన్-రకం జింక్ ఆక్సైడ్‌కు ఇది మంచి జత.

ఒక్క తీగ దొరకకపోతే తీగల వల మీదనైనా కొలవవచ్చు. వలలో తీగ తీగను తాకే చోట అవరోధాలు ఉంటాయి, వాయువు వాటినీ మారుస్తుంది. స్పందన పెద్దదిగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ దాన్ని ఒంటరి తీగ ఫలితంగా రాయకూడదు.

అడుగున సిలికాన్ పలక వాడితే ఒక చిక్కు ఉంది. దానిపై ఆక్సైడ్ పొర ఉన్నా, కాంతి ఆ పొర దాటి సిలికాన్‌ను చేరి అక్కడ వోల్టేజీ పుట్టిస్తుంది. ఆ వోల్టేజీ కింది నుంచి గేటులా పనిచేసి తీగ కరెంట్‌ను మారుస్తుంది. వీలైతే క్వార్ట్జ్ లేదా నీలమణి పలక వాడండి. సిలికానే ఉంటే దాని వెనుక భాగాన్ని తప్పకుండా గ్రౌండ్ చేయండి.

దశ 3: చీకట్లో కరెంట్, వోల్టేజీ గీత

పొడి గాలిలో, చీకట్లో, మైనస్ 1 నుంచి ప్లస్ 1 వోల్టు దాకా గీత తీయండి. తిన్నగా, సౌష్ఠవంగా వస్తే ముందుకు వెళ్లండి. వంకరగా వస్తే కాంటాక్టులో, అంటే లోహం తీగను తాకే చోట, షాట్కీ అవరోధం (ఎలక్ట్రాన్లను అడ్డుకునే గోడ) ఉంది. ఆ అవరోధం ఎత్తును కూడా వాయువు మారుస్తుంది. కాంటాక్టు మార్పునే తీగ మార్పుగా చదివే ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది. మార్గాలు రెండు: నాలుగు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో కొలవడం, లేదా కాంటాక్టుల మీద మాత్రం రక్షణ పొర వేసి తీగ మధ్యభాగాన్ని తెరిచి ఉంచడం. రెండూ కుదరకపోతే ప్రతి వాయువులోనూ ఈ గీతను మళ్లీ తీసి ఆకారం మారుతోందేమో చూడండి.

ఇకపై కొలతలన్నీ 0.1 నుంచి 1 వోల్టు మధ్య ఒకే స్థిర వోల్టేజీ దగ్గర చేయండి. సన్నని తీగకు ఎక్కువ వోల్టేజీ ఇస్తే అది తనంతట తానే వేడెక్కుతుంది.

దశ 4: ఖాళీ ఎలక్ట్రోడ్లను కొలవడం

తీగ లేని జతను ఛాంబర్‌లో పెట్టి, మీరు తీగతో చేయబోయే ప్రయోగమంతా ఒకసారి చేయండి. చీకటి, వెలుగు, పొడి వాయువు, తడి వాయువు, అన్నీ. ఇక్కడ వచ్చే కరెంట్ మీ కొలత కింది హద్దు. తేమ ఎక్కువైతే పలక ఉపరితలం మీది నీటి పొరలోంచి కూడా కరెంట్ పారుతుంది. తేమ ప్రయోగాల్లో దీన్ని తీసివేయకపోతే ఫలితం అసలు నిలబడదు.

దశ 5: ఛాంబర్ ఎంతసేపట్లో శుభ్రపడుతుందో లెక్కకట్టడం

ఛాంబర్ పరిమాణం 100 మిల్లీలీటర్లు, ప్రవాహం నిమిషానికి 200 మిల్లీలీటర్లు అనుకుందాం. భాగిస్తే అర నిమిషం. వాయువు బాగా కలుస్తుందనుకుంటే, ప్రతి అర నిమిషానికీ పాత వాయువు 2.7 రెట్లు తగ్గుతుంది. ఐదు నిమిషాల్లో, అంటే పది అర నిమిషాల్లో, గాలిలోని 21 శాతం ఆక్సిజన్ దాదాపు 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) దాకా దిగుతుంది. అయితే ఇది కాగితం మీది లెక్క. మూలల్లో నిలిచిన గాలి, గోడలకు పట్టిన నీరు అంత త్వరగా పోవు. నీరు మరీ మొండిది. తేమ సెన్సర్ సంఖ్య నిలకడపడేదాకా ఆగండి.

సిలిండరు మీద 99.999 శాతం అని ఉన్నా లోపల 10 పీపీఎం దాకా మలినాలు ఉండవచ్చు. శూన్యంలోనూ తీగ ఒంటరిగా ఉండదు. 10⁻⁶ టార్ పీడనంలో తాకిన ప్రతి అణువూ అంటుకుంటే ఉపరితలం మీద ఒక పొర దాదాపు ఒక సెకనులోనే నిండుతుంది. కాబట్టి "ఆక్సిజన్ లేదు" అని రాయకండి. "ఇంత పీడనం", "ఇంత శుద్ధత" అని రాయండి.

బయటికి వెళ్లే గొట్టం పొట్టిగా ఉంటే గది గాలి వెనక్కి పాకుతుంది. దాన్ని పొడవుగా పెట్టండి, లేదా చివర నూనె బుడగల సీసా తగిలించండి.

దశ 6: తీగను తొలిసారి శుభ్రం చేయడం

కొత్త పరికరంలో మొదటి కొన్ని కొలతలు ఎప్పుడూ జారుతూ ఉంటాయి. కారణం, లిథోగ్రఫీ మిగిల్చిన పాలిమర్, ఆరని ఐసోప్రొపనాల్. జింక్ ఆక్సైడ్ మంచి కాంతి ఉత్ప్రేరకం కూడా. వెలుగులో అది ఈ కర్బన పదార్థాలను మెల్లగా కాల్చేస్తుంది, అంతసేపూ కరెంట్ మారుతూనే ఉంటుంది. పొడి గాలి పారిస్తూ కాంతిని వేసి ఆపుతూ ఉండండి. వరుసగా మూడు చక్రాలు ఒకదానిమీద ఒకటి పడేదాకా కొనసాగించండి. అంతవరకు వచ్చిన వాటిని విశ్లేషణలో కలపవద్దు.

ఆక్సిజన్ ప్లాస్మాతో శుభ్రం చేస్తే ఇది త్వరగా అవుతుంది. కానీ ప్లాస్మా ఉపరితలాన్నే మార్చేస్తుంది. చేస్తే అన్ని పరికరాలకూ ఒకేలా చేయండి, నివేదికలో రాయండి.

దశ 7: చీకట్లో నిలకడ కోసం ఆగడం

దీన్ని దాటవేసేవారే ఎక్కువ. గది వెలుగు తగిలిన తీగ గంటల తరబడి దాన్ని గుర్తుంచుకుంటుంది. పొడి గాలిలో, పూర్తి చీకట్లో రాత్రంతా వదిలేయడం ఉత్తమం. ప్రయోగం మొదలుపెట్టడానికి నేను పెట్టుకున్న షరతు ఇది: చీకటి కరెంట్ పది నిమిషాల్లో 1 శాతం కన్నా ఎక్కువ మారకూడదు. తొందరగా కావాలంటే పొడి ఆక్సిజన్‌లో 100 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు వేడిచేసి, గది ఉష్ణోగ్రతకు చల్లార్చండి. ఆ తర్వాత కాంటాక్టుల గీతను ఒకసారి సరిచూసుకోండి.

ఛాంబర్‌ను నల్ల గుడ్డతో కప్పండి. బ్యాండ్ గ్యాప్ కన్నా తక్కువ శక్తి ఉన్న కనిపించే కాంతి కూడా లోపాల్లోని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది.

దశ 8: మొదటి చక్రం, పొడి గాలిలో

1. మీటరులో ఆటోమేటిక్ రేంజ్ మార్పును ఆపేయండి. రేంజ్ మారినప్పుడు గీతలో వచ్చే చిన్న మెట్టు అచ్చం వాయు స్పందనలాగే కనిపిస్తుంది.
2. ఎల్ఈడీని ముందే వెలిగించి, షట్టర్ మూసి ఉంచండి. వెలిగించిన మొదటి నిమిషాల్లో ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ దాని వెలుగు తగ్గుతుంది.
3. ఐదు నిమిషాలు చీకటి కరెంట్ నమోదు చేయండి.
4. షట్టర్ తెరవండి. తీవ్రతను చదరపు సెంటీమీటరుకు 0.1 నుంచి 1 మిల్లీవాట్ మధ్య ఉంచండి. 365 నానోమీటర్ల దగ్గర 1 మిల్లీవాట్ అంటే సెకనుకు దాదాపు 1.8 × 10¹⁵ ఫోటాన్లు.
5. కరెంట్ చదునయ్యేదాకా, లేదా ముందే నిర్ణయించుకున్న సమయం దాకా ఆగండి. తర్వాత షట్టర్ మూయండి.
6. దిగుదలను కనీసం వెలుగులో ఉంచిన సమయానికి రెండు మూడు రెట్లు నమోదు చేయండి.

దశ 9: వెలుగు వేసి ఉంచి వాయువు మార్చడం

ఈ ప్రయోగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. విషయం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పొడి గాలిలో కాంతి వేసి కరెంట్ నిలకడపడనివ్వండి. కాంతిని కదిలించకుండా, మొత్తం ప్రవాహాన్ని మార్చకుండా, గాలి స్థానంలో నైట్రోజన్ పంపండి.

తెరమీద గీతను దగ్గరగా గమనించండి. కవాటం తిప్పిన క్షణంలో ఏమీ జరగదు, ఛాంబర్ నిండటానికి సమయం పడుతుంది. ఆ తర్వాత గీత పైకి లేస్తుంది. మొదట నిటారుగా, క్రమంగా వాలుగా లేస్తూ చాలాసేపు ఆగదు. హోల్స్ ఆక్సిజన్‌ను వదిలిస్తున్నాయి, తిరిగి అంటుకోవడానికి ఆక్సిజన్ లేదు. మళ్లీ గాలి పంపితే గీత కిందికి వంగుతుంది. ఎక్కడం కన్నా దిగడం సాధారణంగా చురుగ్గా ఉంటుంది. కాంతిలో ఇసుమంత మార్పు లేదు, వోల్టేజీ అదే. మారింది వాయువు ఒక్కటే.

ఇక్కడ ఒక నియమం పాటించి తీరాలి: గాలి, నైట్రోజన్, మళ్లీ గాలి. రెండో గాలి స్థాయి మొదటిదానికి దగ్గరగా రాకపోతే మీరు చూసినదాంట్లో కొంత కాలంతో వచ్చిన జారుడు. గాలి, నైట్రోజన్ అని రెండు కొలతలే తీసి తేడా రాసేస్తే అది వాయువు వల్లనో, జారుడు వల్లనో ఎవరూ చెప్పలేరు.

దశ 10: చీకటి దిగుదలను వాయువుల వారీగా పోల్చడం

ప్రతి వాయువులోనూ దశ 8 చక్రాన్ని చేయండి. ప్రతిసారీ ముందు పొడి ఆక్సిజన్‌లో దశ 7 స్థితికి తిరిగి తీసుకురండి. వాయువుల వరుసను ఒక రోజు ఒకలా, ఇంకో రోజు వేరేలా పెట్టండి.

దిగుదల సమయానికి రెండు ఘాతాంక పదాలు అమర్చి, ప్రతి సంఖ్యకూ ఒక భౌతిక అర్థం చెప్పడం అలవాటుగా మారింది. నాకు అది నచ్చదు. ఈ దిగుదల ఒక్క ఘాతాంకానికి లొంగదు. ఆక్సిజన్ అంటుకునే కొద్దీ అవరోధం పెరిగి, తర్వాతి అణువు అంటుకోవడం కష్టమవుతుంది కాబట్టి వేగం తనంతట తానే మారుతుంది. కరెంట్ సగానికి, పదో వంతుకు రావడానికి పట్టిన సమయాలు రాయండి. ఎవరైనా వాటితో నేరుగా పోల్చుకోగలరు.

దశ 11: తేమ

పొడి గాలిని నీటి బుడగల సీసాలోంచి పంపి, మరో పొడి ప్రవాహంతో కలపండి. సీసా గాలిని పూర్తిగా తడిపితే, సీసా ఛాంబర్ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే, సగం సగం కలిపినప్పుడు తేమ దాదాపు 50 శాతం వస్తుంది. సెన్సర్‌తో సరిచూడండి.

ఈ ఏర్పాటు లేనివారు సంతృప్త లవణ ద్రావణాలు వాడవచ్చు. మూసిన పాత్రలో 25 డిగ్రీల దగ్గర లిథియం క్లోరైడ్ 11, మెగ్నీషియం క్లోరైడ్ 33, సోడియం క్లోరైడ్ 75, పొటాషియం సల్ఫేట్ 97 శాతం తేమను నిలుపుతాయి. అడుగున కరగని లవణం కనిపిస్తూ ఉండాలి.

నీరు ఒకే దిశలో పనిచేయదు. ఆక్సిజన్ కూర్చునే చోట్లను అదీ ఆక్రమిస్తుంది. చీకట్లో కరెంట్‌ను పెంచవచ్చు, వెలుగులో ఫోటోకరెంట్‌ను తగ్గించవచ్చు. తీగ ఎలా పెరిగిందో, ఉపరితలం ఎలా ఉందో అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందుకే తేమ సంఖ్య లేకుండా "గాలిలో కొలిచాం" అని రాయడం నాకు అసంపూర్ణంగా అనిపిస్తుంది.

దశ 12: చురుకైన వాయువులు

పై దశలన్నీ నిలకడగా వచ్చాకే ఇక్కడికి రండి. నైట్రోజన్ డయాక్సైడ్ వంటి ఆక్సీకరణ వాయువులు ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా పట్టుకుని కరెంట్‌ను దించుతాయి. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఇథనాల్ ఆవిరి వంటి క్షయకరణ వాయువులు ఉపరితల ఆక్సిజన్‌తో చర్య జరిపి ఎలక్ట్రాన్‌ను తిరిగి ఇస్తాయి, కరెంట్ పెరుగుతుంది. కాంతి లేకుండా ఈ చర్యలకు మామూలుగా వందల డిగ్రీల వేడి అవసరమవుతుంది. కాంతి వేస్తే గది ఉష్ణోగ్రతలోనే కొంత స్పందన చూడవచ్చు. కాపర్ ఆక్సైడ్, నికెల్ ఆక్సైడ్ వంటి పి-రకం (హోల్స్ కరెంట్ మోసే) తీగల్లో ఈ దిశలన్నీ తిరగబడతాయి.

నైట్రోజన్ డయాక్సైడ్‌ను తేమతో కలపవద్దు. రెండూ కలిస్తే ఆమ్లం ఏర్పడి జింక్ ఆక్సైడ్‌ను తినేస్తుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

*వేడిని వాయువుగా పొరబడటం.* శూన్యంలో తీగ చుట్టూ వేడిని తీసుకుపోయే వాయువు ఉండదు. అదే కాంతికి పలక ఎక్కువ వేడెక్కుతుంది, కరెంట్ పెరుగుతుంది. హీలియం దీనికి వ్యతిరేకం, వేడిని బాగా లాగేస్తుంది. సరిచూడటానికి పలకను చీకట్లో రెండు మూడు డిగ్రీలు వేడిచేసి ఎంత మార్పు వస్తుందో ముందే రాసి పెట్టుకోండి. జడ వాయువుల్లో నైట్రోజన్, ఆర్గాన్ రెండింటితోనూ కొలవండి. రెండూ దాదాపు ఒకటే రావాలి.

*నిండకముందే ఆపడం.* ఒక వాయువులో కరెంట్ నిలకడపడేదాకా, మరోదాంట్లో సగంలోనే కాంతి ఆపితే దిగుదలలను పోల్చలేం. దిగుదల ఎక్కడ మొదలైందన్నది దాని వేగాన్ని మారుస్తుంది.

*ఒకే తీవ్రత దగ్గర కొలవడం.* ఫోటోకరెంట్ కాంతి తీవ్రతకు అనులోమంగా పెరగదు, సాధారణంగా అంతకన్నా నెమ్మదిగా పెరుగుతుంది. ఎంత నెమ్మదిగా అన్నది వాయువుతో మారుతుంది. కనీసం మూడు తీవ్రతలు తీసుకోండి.

*నిష్పత్తి మాత్రమే చెప్పడం.* వెలుగు కరెంట్‌ను చీకటి కరెంట్‌తో భాగిస్తే పెద్ద సంఖ్య వస్తుంది. కానీ వాయువు ఎక్కువగా మార్చేది చీకటి కరెంట్‌నే కావచ్చు. అది ఖాళీ ఎలక్ట్రోడ్ల హద్దు దగ్గర ఉంటే నిష్పత్తికి అర్థమే ఉండదు. రెండు కరెంట్లనూ విడివిడిగా ఇవ్వండి.

*కిటికీని పట్టించుకోకపోవడం.* మామూలు గాజు 365ను చాలావరకు పోనిస్తుంది, కానీ 320 కన్నా తక్కువ తరంగదైర్ఘ్యాలను దాదాపు అడ్డుకుంటుంది. పసుపురంగు పాలిమైడ్ టేపు అతినీలలోహితాన్ని మింగేస్తుంది. తీవ్రతను కిటికీ దాటాక, తీగ ఉండే చోటే కొలవండి.

ఫలితం సరైనదేనా?

నైట్రోజన్‌లో ఫోటోకరెంట్ గాలిలోకన్నా ఎక్కువగా, దిగుదల నెమ్మదిగా రావాలి. శూన్యంలో ఇంకా ఎక్కువగా, ఇంకా నెమ్మదిగా. ఈ వరుస తిరగబడితే ముందు లీకు వెతకండి. అన్ని కవాటాలూ మూసి, చీకటి దిగుదలను గమనించండి. నైట్రోజన్‌లో మొదట నెమ్మదిగా ఉన్న దిగుదల కొద్దిసేపటి తర్వాత వేగం పుంజుకుంటే ఛాంబర్‌లోకి గాలి వస్తోందని అర్థం. ఈ పనికి తీగ చాలా లీకు పరికరాలకన్నా నిజాయితీగా సాక్ష్యం చెబుతుంది.

నైట్రోజన్‌లో ఆక్సిజన్‌ను 0.1, 1, 10, 21 శాతం చొప్పున కలుపుతూ పోయి, నిలకడ ఫోటోకరెంట్ ఒకే దిశలో తగ్గుతోందా చూడండి. మధ్యలో ఒక బిందువు పక్కకు పోతే మొత్తం మళ్లీ, ఈసారి పైనుంచి కిందికి కొలవండి. రెండు గీతలూ కలవకపోతే ప్రతి మెట్టు దగ్గర మీరు ఆగిన సమయం చాలలేదు.

కాంటాక్టుల అనుమానం తీరడానికి సన్నని కాంతి చుక్కను తీగ పొడవునా జరపండి. స్పందన ఎలక్ట్రోడ్ల అంచు దగ్గరే కేంద్రీకృతమైతే మీరు కొలుస్తున్నది కాంటాక్టును. మధ్యభాగమంతా సమానంగా స్పందిస్తే తీగను.

వేరే వేరే వ్యాసాలున్న తీగలు దొరికితే అదీ మంచి పరీక్ష. సన్నని తీగలో ఉపరితలం వాటా ఎక్కువ కాబట్టి వాయు ప్రభావం ఎక్కువగా ఉండాలి. వ్యాసంతో ఏమీ మారకపోతే మళ్లీ కాంటాక్టుల దగ్గరికే వెళ్లండి.

ఫలితంతోపాటు ఇవి రాయండి: వాయువు పేరు, శుద్ధత, పీడనం, ప్రవాహం, తేమ శాతం, పలక ఉష్ణోగ్రత, తరంగదైర్ఘ్యం, తీగ దగ్గరి తీవ్రత, వెలుగులో ఉంచిన సమయం, అంతకుముందు చీకట్లో ఉంచిన సమయం, వోల్టేజీ, తీగ వ్యాసం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, వాయువులు మార్చిన వరుస. సగటు గీతలు ఎన్ని ఇచ్చినా, గాలి నుంచి నైట్రోజన్‌కు, మళ్లీ గాలికి మార్చిన ఒక ముడి గీతను, ఏ సవరణా చేయకుండా, కాలం అక్షంతో సహా ఇవ్వండి.